రూపాయిని లెక్క అడిగిన అంబేడ్కర్

మల్లాపూర్‌లో మేముండే ఇంటి నుంచి చర్లపల్లి టంకశాల ఎంతో దూరం లేదు. నిజాం కాలం నుంచి సైఫాబాద్‌లో నాణేలు ముద్రించిన టంకశాలను 1997లో అక్కడికి తరలించారు. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలకు షిఫ్టు పనికి వెళ్లేవారు రోజూ ఆ చుట్టుపక్కల దారుల్లోనే తిరుగుతుంటారు. నాణేలు తమ పొరుగునే తయారవుతున్నా, నెలాఖరుకు తమ జేబులో రూపాయి ఎందుకు మిగలదో, మిగిలిన రూపాయికి నిరుడు వచ్చినంత సరుకు ఈ ఏడు ఎందుకు రాదో వారికి ఎవరూ చెప్పరు. దేశంలో ఎంత డబ్బు చెలామణీలో ఉండాలి, ఆ సంగతి ఎవరు నిర్ణయించాలి, ఆ నిర్ణయం తప్పితే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది అనే ప్రశ్నల మీద నూరేళ్ల కిందటే ఒక పుస్తకం వచ్చింది. దాన్ని రాసిన మహనీయుడి విగ్రహం మన బస్తీలన్నింటా ఉంది. ఆ విగ్రహం చేతిలో రాజ్యాంగం ఉంటుంది. రూపాయి మీద ఆయన రాసిన గ్రంథం మాత్రం మన చర్చల్లోకి రాదు.

నేను ఎం.ఏ. అర్థశాస్త్రం చదివిన చోట కీన్స్‌ను రెండేళ్లపాటు బోధించారు. అదే భారత కరెన్సీ విషయంలో కీన్స్ అభిప్రాయాన్ని ఖండించిన భీమ్‌రావ్ అంబేడ్కర్ పేరు ఒక్క పాఠంలోనూ వినలేదు. ఆయన జీవితాన్ని రూపాయి వైపు నుంచి చదవడం నేను ఉద్యోగంలో చేరిన తరువాతనే మొదలుపెట్టాను. అలా చదివినప్పుడు కుల నిర్మూలన గురించి రాసిన అంబేడ్కర్, ద్రవ్యం గురించి రాసిన అంబేడ్కర్ ఇద్దరు వేర్వేరు మనుషులు కారని అర్థమైంది.

ఆయన 1891 ఏప్రిల్ 14న మధ్య భారతంలోని మౌ సైనిక కంటోన్మెంటులో పుట్టారు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. వారి పూర్వీకులది కొంకణంలోని రత్నగిరి జిల్లా అంబడవె గ్రామం. మహార్లు ఆ ప్రాంతపు గ్రామ వ్యవస్థలో ఊరి నౌకర్లు. కబురు మోయడం, సరిహద్దు చూపడం, చచ్చిన పశువును లాగివేయడం, సర్కారు అధికారి వస్తే పగలూ రాత్రీ వెంట తిరగడం వారి విధులు. దానికి ప్రతిఫలంగా కొద్దిపాటి వతన్ భూమి, పంట కోతల వేళ రైతులు కొలిచే బలుతా గింజలు. ఆ గింజలకు రేటు లేదు, గడువు లేదు. ఇచ్చేవాడి మనసును బట్టి కొలత మారేది. సైన్యంలో చేరిన మహార్ చేతికి మాత్రం నెల తిరిగేసరికి నగదు జీతం వచ్చింది. రామ్‌జీ కుటుంబం ఊరి చాకిరీ నుంచి బయటపడింది ఆ నగదు వల్లనే.

ఈ మాట నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. మా తాత భువనగిరి వైపు ఒక పల్లెలో ఊరి పనివాడు. కల్లం దగ్గర అందరూ కొలుచుకున్నాక, తూర్పారబట్టిన చోట మిగిలిన గింజలను మా తాత కొంగులో పోసేవారట. ఎన్ని మానికలు అని అడిగే హక్కు ఆయనకు లేదు. మా నాయన 1970ల చివర నాచారం వచ్చి ఒక కార్ఖానాలో హెల్పరుగా చేరారు. మొదటి నెల జీతాన్ని మూడుసార్లు లెక్కపెట్టుకున్నానని ఆయన చెబుతుండేవారు. అందులో మురిపెం డబ్బు చూసినందుకు కాదు, లెక్కపెట్టుకోగలిగినందుకు. గింజల కొలత దొర చేతిలో ఉండేది. నోట్ల లెక్క తన చేతిలోకి వచ్చింది. అణగారిన కులాలకు నగదు కూలి ఎందుకు విముక్తి మార్గమైందో ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి. అయితే చేతికి వచ్చిన ఆ నోటు విలువే లోలోపల కరిగిపోతే ఏమవుతుంది? అంబేడ్కర్ గ్రంథం అడిగిన ప్రశ్న అది.

ఆయన చదువంతా డబ్బు కొరతతోనే సాగింది. కొడుకు అడిగిన పుస్తకం కోసం రామ్‌జీ పెళ్లయిన కూతుళ్ల దగ్గర చేబదులు తెచ్చేవారు. వాళ్ల దగ్గరా డబ్బు లేకపోతే నగ తీసుకుని తాకట్టు పెట్టేవారు. 1912లో బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రాలతో బి.ఏ. పూర్తిచేశారు. మరుసటి ఏడు తండ్రి మరణించారు. అదే ఏడు బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన ఉపకార వేతనంతో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ల గడువు. అక్కడ ఎడ్విన్ సెలిగ్మన్ వద్ద ప్రభుత్వ విత్త శాస్త్రం చదివారు. 1915లో ఎం.ఏ. పట్టా పొందారు. 1916 మే నెలలో, భారతదేశంలో కులాల పుట్టుక మీద ఒక సెమినార్‌లో వ్యాసం చదివారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. కులం గురించీ, దేశ ఆదాయం గురించీ ఆ ఒక్క ఏడాదిలోనే ఏకకాలంలో రాశారు.

1916 అక్టోబరులో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, న్యాయవాద విద్య కోసం గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. ఉపకార వేతనం గడువు తీరడంతో 1917లో చదువు మధ్యలో వదిలి తిరిగి రావలసి వచ్చింది. ఆయన పుస్తకాలతో వేరుగా బయలుదేరిన ఓడ జర్మన్ దాడిలో మునిగిపోయింది. ఒప్పందం ప్రకారం బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లారు. అక్కడ ఆయనకు ఉండటానికి చోటు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పేరు మార్చుకుని దిగితే, విషయం తెలిసి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆఫీసులో బంట్రోతులు కాగితాలను ఆయన బల్ల మీదికి దూరం నుంచి విసిరేవారు.

ఈ ఘట్టాన్ని సాధారణంగా అంటరానితనం పాఠంగా చెబుతాం. అర్థశాస్త్రం చదివినవాడిగా నాకు ఇందులో ఇంకొకటి కనిపిస్తుంది. రూపాయి చట్టబద్ధమైన చెల్లింపు సాధనం. ఎవరి చేతి నుంచి వచ్చినా దాని విలువ ఒకటేనని చట్టం చెబుతుంది. బరోడాలో విదేశీ పట్టాలున్న ఉద్యోగి జేబులో డబ్బు ఉంది, ఊళ్లో ఖాళీ గదులున్నాయి, అయినా ఆ డబ్బు గదిగా మారలేదు. మా నాయన తరం వరకు పల్లె దుకాణాల్లో మావాళ్ల నాణెం గడప బయట పెడితే నీళ్లు చల్లి తీసుకునేవారు. నేను ఈ ప్రాంతంలోనే అద్దె ఇల్లు వెతికినప్పుడు అడ్వాన్సు లెక్కపెట్టి చేతికి తీసుకున్న ఇంటి యజమాని, మేం ఎవరమో తెలిసిన సాయంత్రం ఆ నోట్లను అలాగే తిరిగి ఇచ్చారు. ద్రవ్య సరఫరా గురించిన ఏ సిద్ధాంతమూ ఈ నిరాకరణను లెక్కలోకి తీసుకోదు. అంబేడ్కర్ ఆ నిరాకరణను అనుభవించి, తరువాత సిద్ధాంతం రాశారు.

1918లో బొంబాయి సిడెన్‌హాం కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యులయ్యారు. జీతంలో పొదుపు చేసి, కొల్హాపూర్ ఛత్రపతి షాహూ మహారాజ్ సహాయంతోనూ, నావల్ భతేనా అనే పార్సీ మిత్రుడు ఇచ్చిన అప్పుతోనూ 1920లో మళ్లీ లండన్ చేరారు. అర్ధాకలితో గ్రంథాలయాల్లో గడిపిన ఆ మూడేళ్ల ఫలితమే రూపాయి సమస్య, దాని పుట్టుక, పరిష్కారం అనే పరిశోధన. 1922లో కొన్నాళ్లు జర్మనీలోని బాన్‌కు కూడా వెళ్లారు. ఆ దేశపు మార్కు విలువ కళ్లముందే కరుగుతున్న కాలమది.

ఆయన పట్టుకున్న సమస్యను ఇప్పటి పాఠకులకు కొంచెం వివరించాలి. పందొమ్మిదో శతాబ్దిలో మన రూపాయి వెండి నాణెం. ఎవరైనా వెండి తీసుకువెళ్లి టంకశాలలో ఇచ్చి రూపాయలు ముద్రించుకోవచ్చు. 1870ల నుంచి జర్మనీ తదితర దేశాలు బంగారానికి మారడంతో ప్రపంచ విపణిలో వెండి ధర పడిపోయింది. ఇంచుమించు రెండు షిల్లింగులు, అంటే 24 పెన్నీలు పలికే రూపాయి 1890ల మొదట్లో 15 పెన్నీల దరిదాపులకు దిగజారింది. లండన్‌కు ఏటా పౌండ్లలో చెల్లింపులు పంపవలసిన బ్రిటిష్ ప్రభుత్వానికి ఇది పెనుభారమైంది. 1893లో హెర్షెల్ కమిటీ సిఫారసు మేరకు వెండి ముద్రణకు ప్రజలకున్న హక్కును రద్దు చేసి టంకశాలలను మూసివేశారు. కొత్త రూపాయలు రావడం ఆగిపోయింది. కొరత ఏర్పడి రూపాయి విలువ పెరిగి 1898 నాటికి 16 పెన్నీలకు చేరింది.

ఇక్కడే అంబేడ్కర్ దృష్టి నిలిచింది. ఆ అయిదేళ్లలో రూపాయిని నిలబెట్టింది ఏ బంగారు నిల్వా కాదనీ, జారీకి పడిన కట్టడి ఒక్కటేననీ ఆయన తేల్చారు. దురదృష్టవశాత్తు 1900 తరువాత ప్రభుత్వం ఆ పాఠాన్ని మరిచింది. ప్రజలకు మూసిన టంకశాల తలుపు సర్కారుకు తెరిచే ఉంది. రూపాయి ముఖవిలువ కంటే అందులోని వెండి చౌక గనుక ముద్రించిన ప్రతి నాణెం మీదా లాభం మిగిలేది. ఆ లాభాన్ని లండన్‌లో నిల్వ ఉంచి, దాని బలంతో మారకపు రేటును కాపాడతామని అన్నారు. దీన్నే స్వర్ణ మారక ప్రమాణం అన్నారు. 1913లో కీన్స్ తన గ్రంథంలో ఈ పద్ధతిని మెచ్చుకున్నారు. బంగారు నాణేలు చేతులు మారనక్కరలేకుండా వాణిజ్యం సాగే తెలివైన ఏర్పాటుగా ఆయనకు అది తోచింది.

అంబేడ్కర్ దాన్ని అంగీకరించలేదు. విదేశీ మారకంలో రూపాయి నిలకడగా కనిపిస్తే చాలదనీ, దేశంలో సరుకుల మీద దాని కొనుగోలు శక్తి నిలకడగా ఉండటం ముఖ్యమనీ వాదించారు. జారీని పాలకుల విచక్షణకు వదిలేస్తే రూపాయలు పెరుగుతాయి, ధరలు పెరుగుతాయి, ధరల వెంట కూలి పెరగదు. వ్యాపారి ధర మార్చుకుంటాడు. భూస్వామి ధాన్యం దాచుకుంటాడు. కూలివాడు మాత్రం నిన్న కుదిరిన కూలికే నేటి సరుకు కొనాలి. అందుకే ఆయన సూచించిన మందు కటువుగా ఉంది. ప్రజలకు మూసినట్టే ప్రభుత్వానికీ రూపాయి ముద్రణను మూసివేయాలి. తగిన బంగారు నాణేన్ని ముద్రించే టంకశాల తెరవాలి. రెంటికీ చట్టం ఒక నిష్పత్తిని నిర్ణయించాలి. ఒకదాన్ని ఇచ్చి మరొకటి పుచ్చుకునే హామీ లేకుండా రెండూ చెల్లుబాటు కావాలి. ఎంత రూపాయి ఉండాలో పాలకుడి ఇష్టం నిర్ణయించకూడదు, కట్టడి నిర్ణయించాలి.

ఇది మొదటి ప్రపంచ యుద్ధం తరువాతి అనుభవం నేర్పిన పాఠం కూడా. యుద్ధకాలంలో వెండి ధర ఎగబాకి నాణెంలోని లోహం ముఖవిలువను మించింది. 1917లో రూపాయి నోటు వచ్చింది. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి మన టంకశాలలకు వెండి అమ్మింది. తరువాత బాబింగ్టన్ స్మిత్ కమిటీ సిఫారసుపై రూపాయిని ఏకంగా రెండు షిల్లింగుల వద్ద నిలపబోయి ప్రభుత్వం భంగపడింది.

ఆయన పరిశోధన వ్యాసాన్ని పరీక్షకులు మొదట యథాతథంగా ఒప్పుకోలేదు. మార్చి రాయమన్నారు. చేతిలో డబ్బు అయిపోయి 1923లో ఆయన బొంబాయి చేరి, అక్కడి నుంచే తిరగరాసి పంపారు. ఆ ఏడే లండన్ విశ్వవిద్యాలయం డి.ఎస్సీ. పట్టా ఇచ్చింది. పుస్తకం లండన్‌లో అచ్చయింది. ఆయన గురువు ఎడ్విన్ కానన్ పీఠిక రాస్తూ తనకు కొన్ని అంశాల్లో సమ్మతి లేదని చెబుతూనే వాదనలోని కొత్తదనాన్ని అభినందించారు.

1925లో ప్రభుత్వం భారత కరెన్సీ, విత్త వ్యవహారాలపై హిల్టన్ యంగ్ అధ్యక్షతన రాయల్ కమిషన్‌ను నియమించింది. ఆ డిసెంబరులో అంబేడ్కర్ దాని ముందు సాక్ష్యం చెప్పారు. అప్పుడు దేశమంతా ఒక వాదం నడుస్తోంది. రూపాయిని 16 పెన్నీల వద్ద ఉంచాలా, 18 పెన్నీల వద్ద ఉంచాలా? రూపాయి చౌకగా ఉంటే ఎగుమతిదారుకు ఎక్కువ రూపాయలు వస్తాయి. బొంబాయి మిల్లు యజమానులు, వర్తకులు 16 పెన్నీలే జాతీయ ప్రయోజనమన్నారు. చౌక రూపాయి వల్ల ధరలు పెరిగి, కూలి వెనకబడి, ఆ తేడాయే యజమాని లాభంగా మారుతుందని అంబేడ్కర్ చూపించారు. అది విదేశీయుడి నుంచి గెలిచిన లాభం కాదు, సాటి భారతీయ కూలివాడి పళ్లెం నుంచి తీసిన లాభం. దేశం అనే మాట వెనుక ఎవరున్నారో విడదీసి అడగడం ఆయనకు అలవాటు. కులం విషయంలో అడిగిన ప్రశ్ననే మారకపు రేటు విషయంలోనూ అడిగారు.

ఇక్కడ మనవాళ్లు తరచు చెప్పే ఒక మాటను సరిచేయాలి. అంబేడ్కర్ పుస్తకం ఆధారంగానే రిజర్వు బ్యాంకు పుట్టిందని సభల్లో అంటుంటాం. 1926లో వచ్చిన కమిషన్ నివేదిక ఒక కేంద్ర బ్యాంకును సిఫారసు చేసిన మాట నిజం. 1934 చట్టంతో ఏర్పడి 1935 ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు పని మొదలుపెట్టిన మాటా నిజం. అయితే కమిషన్ ఎంచుకున్న ద్రవ్య ప్రమాణం అంబేడ్కర్ కోరినది కాదు. ఆయన సాక్షుల్లో ఒకరు, అదీ భిన్నాభిప్రాయం గల సాక్షి. ఆయనను బ్యాంకు శంకుస్థాపకుడిగా పూజించడం కంటే, ఏ బ్యాంకు గానీ ఏ ప్రభుత్వం గానీ తన ఇష్టానుసారం డబ్బు సృష్టించకూడదన్న ఆయన హెచ్చరికను గుర్తుంచుకోవడం ఆయనకు ఎక్కువ గౌరవం. అలాగే, ప్రతి పదేళ్లకు నోట్లు రద్దు చేయాలన్నది ఆయన సిద్ధాంతమని కొందరు ప్రచారం చేశారు. ఆయన గ్రంథంలోని వాదన అది కాదు. ఆయన కోరినది పాలకుడి చేతికి కట్టడి. ఆకస్మిక రద్దు పాలకుడి చేతికి మరింత స్వేచ్ఛ ఇస్తుంది.

1927లో మహాడ్ చెరువు నీటి కోసం సత్యాగ్రహం నడిపారు. 1928లో బొంబాయి శాసనమండలిలో మహార్ వతన్ల సవరణ బిల్లు ప్రవేశపెట్టారు. చరిత్రకారులు మొదటిదాన్ని సామాజిక పోరాటమనీ, రెండోదాన్ని పరిపాలనా సంస్కరణ అనీ రెండు పద్దుల్లో రాస్తారు. ఆ బిల్లు ఏమడిగిందో చూస్తే ఆ విభజన నిలవదు. గింజల బలుతాను నగదుగా మార్చాలి, దాన్ని సర్కారు వసూలు చేసి ఊరి నౌకర్లకు ఇవ్వాలి, వతన్ భూమిని చాకిరీ నుంచి విడదీసి సొంత భూమిగా మార్చుకునే వీలు కల్పించాలి. కల్లం దగ్గర మా తాత అడగలేకపోయిన లెక్కను చట్టం చేత అడిగించే ప్రయత్నం అది. ఆ బిల్లు చట్టం కాలేదు. ఆ వతన్లు 1958 నాటి బొంబాయి చట్టంతో గానీ రద్దు కాలేదు, అప్పటికి ఆయన లేరు. 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీని స్థాపించి, 1937లో కొంకణపు ఖోతీ భూస్వామ్యం రద్దుకు బిల్లు తెచ్చారు. అన్నింటిలోనూ వరుస ఒకటే. చాకిరీని కూలిగా, కూలిని నగదుగా, నగదును హక్కుగా మార్చడం.

1942లో ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యులయ్యారు. ఈ కాలాన్ని ఆయన అభిమానులు కీర్తనలతోనూ, విమర్శకులు నిందలతోనూ దాటేస్తారు. నాకు ఇది ఆయన జీవితంలో అత్యంత క్లిష్టమైన ఘట్టంగా కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధానికి బ్రిటన్ మన దేశంలో సరుకులు కొని, పౌండ్లలో అప్పు పత్రాలు రాసింది. ఆ పత్రాలను లండన్‌లో ఉంచుకుని రిజర్వు బ్యాంకు ఇక్కడ నోట్లు ముద్రించింది. యుద్ధం ముగిసేనాటికి చెలామణీలోని నోట్లు అయిదు రెట్లకు పైగా పెరిగాయి. ధరలు మండిపోయాయి. 1943 బెంగాల్ క్షామంలో సుమారు 30 లక్షల మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది భూమిలేని కూలీలు, జాలర్లు, చేతివృత్తులవారు. జారీకి కట్టడి లేకపోతే కూలివాడు చస్తాడని ఇరవై ఏళ్ల ముందు రాసిన వ్యక్తి, కట్టడి తెగిన ఆ ప్రభుత్వంలోనే సభ్యుడిగా ఉన్నారు. ద్రవ్య శాఖ ఆయన చేతిలో లేదు. ఆయన చేతిలో ఉన్నది కార్మిక శాఖ. పని గంటలను వారానికి 54 నుంచి 48కి తగ్గించే ఫ్యాక్టరీల చట్టం సవరణను, కనీస వేతనాల బిల్లును 1946లో ఆ శాఖ నుంచే ముందుకు తెచ్చారు. రూపాయిని ఆపలేకపోయిన చోట కూలిని లేపడానికి ప్రయత్నించారని నేను అర్థం చేసుకుంటాను. అది సరిపోయిందా అన్న ప్రశ్నను మాత్రం ఆయన మీద గౌరవంతోనే మనం అడగాలి.

ఆయనకూ మన హైదరాబాదుకూ ఉన్న బంధంలోనూ రూపాయి ఉంది. నిజాం రాజ్యానికి సొంత సిక్కా ఉండేది. దాన్ని హాలీ అనేవారు. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీలు ఆరు కల్దార్లకు సమానం. 1918 నుంచి నిజాం ప్రభుత్వం నోట్లు కూడా జారీ చేసింది. 1941 చట్టంతో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఏర్పడింది. మా తాత ఆ రెండు రూపాయల మధ్య తేడాను వడ్డీ వ్యాపారి నోటి నుంచే నేర్చుకున్నారు. అప్పు ఇచ్చేటప్పుడు హాలీ, తీర్చేటప్పుడు కల్దార్. లెక్క రానివాడికి ద్రవ్య ప్రమాణం ఎలా ఉరితాడవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. సంస్థానం భారత యూనియన్‌లో కలిశాక కూడా హాలీ వెంటనే పోలేదు. భారత రూపాయితో పాటు కొంతకాలం నడిచి, 1959లో పూర్తిగా నిలిచిపోయింది. ఆ సంధికాలంలో, 1950లో, అప్పటికి హైదరాబాదు రాష్ట్రంలో భాగమైన ఔరంగాబాదులో అంబేడ్కర్ కళాశాల స్థాపించారు. 1953 జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. మల్లాపూర్ నుంచి హబ్సిగూడ మీదుగా వెళితే ఆ ప్రాంగణం దగ్గరే. ఆయన రాజ్యాంగానికి ఇచ్చిన గౌరవంగా ఆ రోజును గుర్తుచేసుకుంటాం. రెండు రకాల రూపాయలు నడిచిన నగరానికి రూపాయి శాస్త్రజ్ఞుడు వచ్చిన రోజుగా కూడా గుర్తుచేసుకోవచ్చు.

రాజ్యాంగంలో కరెన్సీ, నాణేల ముద్రణ, రిజర్వు బ్యాంకు కేంద్ర జాబితాలో చేరాయి. కేంద్రం చేసే అప్పుకు పార్లమెంటు చట్టం ద్వారా పరిమితి విధించే అధికారాన్ని 292వ అధికరణం ఇచ్చింది. 1956 డిసెంబరు 6న ఆయన ఢిల్లీలో కన్నుమూశారు. రిజర్వు బ్యాంకు ద్రవ్యోల్బణాన్ని రెండు శాతం అటూఇటూగా నాలుగు శాతం వద్ద నిలపాలని చట్టం లక్ష్యం పెట్టింది 2016లో. జారీ చేసేవారికి చట్టం కట్టడి వేయాలన్న ఆలోచన వేరే రూపంలో, ఆయన గ్రంథం వచ్చిన తొంభై మూడేళ్లకు, మన చట్టంలోకి చేరింది.

అదే 2016లో నవంబరు 8 రాత్రి చెలామణీలోని నోట్ల విలువలో 86 శాతం ఒక్క ప్రకటనతో చెల్లకుండా పోయింది. మరునాడు నాచారం, మల్లాపూర్ అడ్డాల మీద నిలబడ్డవారిని నేను చూశాను. పారా, గంప పట్టుకుని వచ్చినవారిని పనికి పిలిచే మేస్త్రీలు లేరు. ఒక చిన్న కార్ఖానాలో కాంట్రాక్టు కూలీలకు రెండు వారాల కూలిని పాత నోట్లలోనే ఇచ్చారు. తీసుకోకపోతే అదీ లేదన్నారు. వాటిని మార్చుకోవడానికి క్యూలో నిలబడితే ఆ రోజు కూలి పోతుంది, నిలబడకపోతే పాత కూలి పోతుంది. కమీషనుకు మార్చేవాడికి వెయ్యికి ఏడెనిమిది వందలకే ఇచ్చుకున్నవారు నాకు తెలుసు. చివరికి రద్దైన నోట్లలో 99 శాతానికి పైగా బ్యాంకులకు తిరిగి వచ్చాయని రిజర్వు బ్యాంకే తేల్చింది. ఆ అడ్డా మీద పోయిన కూలి మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు. వాళ్లలో ఏ కులాలవారు ఎక్కువో చెప్పడానికి సర్వే అక్కర్లేదు. ఏ ఉదయమైనా ఆ అడ్డాకు వెళ్లి ఊరూ పేరూ అడిగితే తెలుస్తుంది.

నేను కోరేవి మూడు. అంబేడ్కర్‌ను అర్థశాస్త్ర పాఠ్యప్రణాళికలో చేర్చాలి, కీన్స్ పక్కన, ఆయనతో విభేదించినవారిగా. కనీస వేతనాలను అయిదేళ్లకు మించకుండా సవరించాలని 1948 చట్టం చెప్పిన సూత్రాన్ని ప్రభుత్వాలు దయగా కాకుండా బాకీగా పాటించాలి, ఎందుకంటే ధరలు పెరిగి కూలి పెరగని ప్రతి ఏడూ కూలివాడి నుంచి తీసుకున్న అప్పే. ఇక మూడోది మన బస్తీల వారికి. జయంతికీ వర్ధంతికీ దండ వేసేటప్పుడు ఆ ఏడాది మన అడ్డా కూలి ఎంత పెరిగింది, కిలో బియ్యం, పప్పు, ఇంటి అద్దె ఎంత పెరిగాయి అని ఒక కాగితం మీద రాసి విగ్రహం దగ్గర చదవాలి. మా నాయన తన మొదటి జీతాన్ని మూడుసార్లు లెక్కపెట్టుకున్నారు. ఆ లెక్కను మనం ఆపకూడదు.